మ్యాచ్ జరుగుతుంటే పిల్లలకు బయటి నుంచి ఎంత చెప్పాలి?

ప్రశ్న: పటమట ఫుట్‌బాల్

అందరికీ నమస్కారం. విజయవాడ పటమట వైపు పన్నెండేళ్ల లోపు పిల్లలకు సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఒక కళాశాల వారు దయతో మైదానం వాడుకోనిస్తున్నారు. వచ్చే పిల్లల్లో చాలామందికి టీవీలో మెస్సీ, రొనాల్డో తెలుసు తప్ప బంతితో పరిచయం కొత్త. వీధి వీధికీ క్రికెట్ ఆడే ఊళ్లో ఇంతమంది ఫుట్‌బాల్ కోసం బూట్లు కొనుక్కుని వస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

నా సందేహం మ్యాచ్ రోజు గురించి. ఈమధ్య నగరంలో జరిగిన ఒక చిన్న టోర్నమెంట్‌కు మా జట్టును తీసుకెళ్లాను. వైపుకు ఏడుగురు. ఎదుటి జట్టు కోచ్ మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా గొంతు ఆపలేదు. "కుడికి! కుడికి! ఇప్పుడు కొట్టు! వెనక్కి పరుగెత్తు! ఎటు చూస్తున్నావు?" అంటూ ప్రతి అడుగూ తానే వేయించాడు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేశారు, గెలిచారు. నేను అవసరమనిపించినచోట ఒక మాట అన్నానే తప్ప పెద్దగా అరవలేదు. మ్యాచ్ అయ్యాక ఒక తండ్రి వచ్చి అడిగారు. కోపంగా కూడా కాదు, బాధగా. "సార్, అటు ఆయన అంత కష్టపడుతుంటే మీరు చేతులు కట్టుకుని నిలబడ్డారేమిటి? మా వాడికి ఏం చేయాలో తోచడం లేదు. మీరైనా చెప్పాలి కదా?" ఆయన ఆదివారం దుకాణం మూసుకుని కొడుకు ఆట చూడటానికి వచ్చిన మనిషి. ఆయన మాటను తేలిగ్గా తీసేయలేను.

ఇక రెండో వైపు. మా జట్టులో కుడి అంచున ఆడే బాబు ఒకడున్నాడు. ప్రాక్టీసులో మంచి చురుకు. మ్యాచ్‌లో మాత్రం బంతి కాలి దగ్గరకు రాగానే తలెత్తి నా వైపు చూస్తాడు. ఎదురుగా ఎవరున్నారో, పక్కన ఖాళీ ఎక్కడుందో చూడవలసిన అరక్షణం అలా నా మొహం చూడటానికే సరిపోతుంది. ఈలోగా అవతలి పిల్లవాడు వచ్చి బంతి తన్నుకుపోతాడు. ఏదైనా చెబితే ఆ తర్వాతి మాట కోసం మళ్లీ చూస్తాడు. చెప్పకపోతే బిక్కమొహం వేస్తాడు. విరామం తర్వాత జట్లు వైపులు మారాయి కదా, అతను నాకు దూరంగా అవతలి గీత పక్కకు వెళ్లాడు. ఆ మోతలో అక్కడికి నా గొంతు చేరదు. అక్కడ ఒకటికి రెండుసార్లు తనంతట తానే ఎదుటివాణ్ణి దాటుకుని బంతిని మధ్యలోకి పంపాడు!

ఇది చూశాక నాకు నిద్ర పట్టడం లేదనే చెప్పాలి. ఆట నడుస్తుండగా కోచ్ ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? వయసును బట్టి మారుతుందా? నాతో పాటు ఇంకో ఇద్దరు కుర్రాళ్లు సహాయంగా ఉంటారు, వాళ్లూ ఏదో ఒకటి అరుస్తుంటారు. గీత పక్కన తల్లిదండ్రుల సంగతి సరేసరి. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: గుంటూరు డ్రిల్లు మాస్టారు

తమ్ముడూ, ఉద్యోగమంతా ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున పూట పిల్లలతో మైదానంలోనే ఉంటాను. మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను, కాస్త పెద్దగానే రాస్తున్నాను.

బంతి ఎవరి కాలి దగ్గర ఉందో ఆ పిల్లవాడితో కోచ్ మాట్లాడకూడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. మీరు ఖాళీని చూడాలి, దానికి మాట వెతకాలి, అరవాలి. అది అతని చెవిన పడాలి, అర్థం కావాలి, కాలు కదలాలి. అంతసేపు ఆ ఖాళీ అక్కడే కూర్చుని ఉండదు. పైగా మీరు గీత పక్కన నిలబడి చూసే మైదానం వేరు, నాలుగున్నర అడుగుల పిల్లవాడికి ఇద్దరి భుజాల మధ్య నుంచి కనిపించేది వేరు. మీకు కనిపించిన పాస్ అతనికి కనిపించకపోవచ్చు. కనిపించని పాస్ ఇవ్వమంటే గుడ్డిగా తంతాడు. ఆ తన్నుడు ఎప్పుడో ఒకసారి గోల్ అవుతుంది కూడా. దాంతో ఇద్దరికీ అదే అలవాటవుతుంది.

బంతికి దూరంగా ఉన్నవాడి సంగతి వేరు. అతనికి వినడానికి తీరిక ఉంది. మనసు ఎటో పోయిన డిఫెండర్‌ను పేరు పెట్టి పిలిచి ఒక్క మాట అనండి. ఆ మాట మాత్రం వారమంతా ప్రాక్టీసులో వాడినదై ఉండాలి. మా పిల్లలకు "వెడల్పు" అంటే గీత దాకా జరగాలని తెలుసు, "దగ్గర" అంటే బంతి ఉన్నవాడికి సాయంగా రావాలని తెలుసు. అంతకు మించి రెండు మూడు మాటలు ఉంటాయేమో. మ్యాచ్‌లో కొత్త పాఠం మొదలుపెడితే ఎవరికీ ఎక్కదు.

ఆట ఆగే క్షణాలు మీవి. త్రో-ఇన్, గోల్ కిక్, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు, మన ఎండల్లో మధ్యలో ఇచ్చే నీళ్ల విరామం. అన్నిటికంటే విలువైన చోటు బెంచీ. చాలామంది కోచ్‌లు ఆడుతున్నవాళ్ల మీద అరుస్తూ పక్కన కూర్చున్న పిల్లల్ని మరిచిపోతారు. నేను మ్యాచ్‌లో సగంసేపు వాళ్ల పక్కనే కూర్చుంటాను. "వాళ్ల ఎడమ వైపు డిఫెండర్ ఏ కాలితో తంతున్నాడో చూశావా?" అని అడుగుతాను. వాడు చూసి ఉండడు. ఐదు నిమిషాలు గమనించి, "సార్, కుడి కాలే వాడుతున్నాడు, ఎడమకు నెడితే తడబడుతున్నాడు" అంటాడు. "అయితే నువ్వు వెళ్లాక ఏం చేస్తావు?" అంటాను. ఇక నేను అరవవలసిన పని లేదు. తన పథకం తనే వేసుకుని లోపలికి వెళ్తాడు. కుదరలేదనుకోండి, బయటికి వచ్చి ఎందుకు కుదరలేదో వాడే చెబుతాడు.

హాఫ్ టైమ్‌లో ముందు నీళ్లు తాగనివ్వండి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనివ్వండి, మీరు వింటూ ఉండండి. మీరు చెప్పదలచుకున్నదాంట్లో సగం వాళ్లే చెప్పుకుంటారు. మిగిలినదాంట్లో ఒక్కటి ఎంచుకుని చెప్పండి. ఐదు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మ్యాచ్‌లో మీకు పదే పదే అరవాలనిపించిన విషయం ఏదో అదే వచ్చే వారం ప్రాక్టీసు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. నోటి దాకా వచ్చిన మాటను అందులో రాయండి. ఉదాహరణకు చిన్న పిల్లలందరూ బెల్లం చుట్టూ చీమల్లా బంతి చుట్టూ మూగుతారు. బయటి నుంచి "విడిపోండి, విడిపోండి" అని ఎంత అరిచినా ఒక్క నిమిషం విడిపోయి మళ్లీ మూగుతారు. దీనికి మైదానంలోనే మందు ఉంది. వైపుకు నలుగురిని పెట్టండి. ఒక్కో జట్టుకు ఒక గోల్ బదులు రెండు చిన్న గోల్స్ ఇవ్వండి, రెండు మూలల్లో, ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా. చెప్పులో, ఇటుకలో పెట్టినా సరే. ఒక గోల్ ముందు అందరూ మూగగానే రెండోది ఖాళీగా కనిపిస్తుంది. మొదట్లో కనిపించదు. మూడో ఆటకో నాలుగో ఆటకో ఒక పిల్ల మూక నుంచి బయటికి వచ్చి అటు పక్క నిలబడి "ఇక్కడ! ఇక్కడ!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసమే మనం నోరు మూసుకోవాలి. కోచ్ గొంతు ఆగకుండా మోగుతుంటే పిల్లలు ఒకరినొకరు పిలుచుకోరు. మీ ఎదుటి జట్టు పిల్లలు ఆ రోజు తమలో తాము ఎంత మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

పిల్లలకు సొంతంగా తేల్చుకునే శక్తి ఉండదనే మాట మా గుంటూరులో చెల్లదు. గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు ఇది. చదరంగం పోటీల్లో ఎనిమిదేళ్ల పిల్ల గంటల తరబడి ఒంటరిగా కూర్చుని తన ఎత్తు తాను వేస్తుంది. బయటి నుంచి సలహా అందుకోవడం నిబంధనల ప్రకారం నిషిద్ధం. తల్లిదండ్రులు హాలు బయట ఎదురుచూస్తారు. ఏ తండ్రీ "మా పాపకు ఏమీ చెప్పడం లేదేమిటి" అని కోచ్‌ను నిలదీయడు. బ్యాడ్మింటన్ చూడండి. మన కిడాంబి శ్రీకాంత్ ఆడుతుంటే కోచ్ వెనక కుర్చీలో కూర్చుంటారు, షటిల్ ఆటలో ఉన్నంతసేపు నోరు విప్పకూడదు, పాయింటు అయ్యాకే మాట. ఫుట్‌బాల్‌లో ఆ కట్టడి లేదు కాబట్టి మనం వాడేసుకుంటున్నాం.

హైదరాబాద్ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు ఇక్కడ తలచుకోవాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపిన మనిషి. 1962లో జకార్తాలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాతో ఫైనల్‌లో 2-1 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌దే. కోచ్ బుర్ర పనిచేయవలసిన చోటు అది. ఎవరిని ఎక్కడ ఆడించాలి, ఎందుకు ఆడించాలి అనే నిర్ణయం మ్యాచ్‌కు ముందే జరిగిపోవాలి.

ఇంకొకటి. రేపు ఈ పిల్లలు వైపుకు పదకొండు మంది ఆడే పెద్ద మైదానానికి వెళ్తారు. దాని పొడవు 90 నుంచి 120 మీటర్లు ఉండవచ్చని నిబంధన. అవతలి మూలకు ఎవరి గొంతూ చేరదు. మీ కుడి అంచు బాబు అప్పుడు ఎవరి మొహం చూస్తాడు? అలాగని పన్నెండేళ్ల వాళ్లను ఇప్పుడే ఆ మైదానంలోకి తోయకండి. ఇంగ్లండ్‌లో, అమెరికాలో 11, 12 ఏళ్ల వాళ్లను వైపుకు తొమ్మిది మందితోనే ఆడిస్తారు, అంతకంటే చిన్నవాళ్లను ఏడుగురితో లేదా ఇంకా తక్కువ మందితో. మనిషికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది, దిక్కు తోచని దూరాలు ఉండవు. మన దగ్గర చిన్న పిల్లల్ని పెద్ద మైదానంలో వదిలేసి, వాళ్లు చెల్లాచెదురైతే అరవడం మొదలుపెడతాం. ఆ అరుపుల్లో చాలా భాగం మైదానం కొలతల వల్ల పుట్టినవే.

జవాబు: గోల్‌కీపర్ వాళ్ల అమ్మ

మాస్టారు గారికి నమస్కారం. మాది గుణదల. మా అమ్మాయి ఆరో తరగతి, గోల్ కాస్తుంది. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట.

మేము అరిచేది ప్రేమతోనే. కానీ మాలో చాలామందికి ఈ ఆట తెలియదు. తెలిసిందల్లా "కొట్టు", "పరుగెత్తు". ఒకసారి మా అమ్మాయి ఇంటికి వచ్చాక నెమ్మదిగా చెప్పింది: "అమ్మా, నువ్వు ముందుకు రమ్మంటావు, సార్ ఆగమంటారు, గోల్ వెనక నిలబడిన అంకుల్ పక్కకు దూకమంటారు. నేను ఎవరి మాట వినాలో తేల్చుకునేలోపు బంతి లోపలికి వెళ్లిపోతుంది." నాకు జవాబు తోచలేదు. పిల్ల చెప్పింది నిజం.

ఆ తర్వాత వాళ్ల కోచ్ ఒక మంచి పని చేశారు. మ్యాచ్‌కు ముందు రోజు రాత్రి మా అందరికీ వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పంపిస్తారు, రేపు పిల్లలు ఏం ప్రయత్నిస్తారో. ఒకసారి ఇలా వచ్చింది: "రేపు మన కీపర్ బంతిని దూరంగా తన్నదు. దగ్గర ఉన్న డిఫెండర్‌కు చేత్తో దొర్లిస్తుంది. దీనివల్ల మనం ఒకటి రెండు గోల్స్ తినవచ్చు. దయచేసి తన్నమని అరవకండి." నిజంగానే ఒక గోల్ తిన్నాం. పక్కన ఉన్న ఒకాయన "తన్నమ్మా" అనబోయి, ఫోను గుర్తొచ్చి ఆగిపోయారు. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే మాకూ చూడటానికి ఒక పని ఉంటుంది. ఆ రోజు మేమంతా డిఫెండర్లు ఎలా విడిపోయి బంతి అందుకుంటున్నారో చూస్తూ కూర్చున్నాం. నాకు ఆట అర్థం కావడం మొదలైంది అప్పుడే.

కాబట్టి పటమట కోచ్ గారూ, మిమ్మల్ని అడిగిన ఆ తండ్రిని దూరం పెట్టకండి. మీరు చేతులు కట్టుకున్నది ఎందుకో ఆయనకు ముందే చెప్పండి. చెప్పకపోతే మీకు పట్టింపు లేదనుకుంటారు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

చప్పట్లు మాత్రం మానేయమనకండి. మా అమ్మాయి మంచి బంతి ఆపితే నేను చప్పట్లు కొడతాను, ఎదుటి కీపర్ ఆపినా కొడతాను. ఇంగ్లండ్‌లో కొన్ని వారాంతాల్లో పిల్లల మ్యాచ్‌లకు చప్పట్లు తప్ప మాటలు వద్దని తల్లిదండ్రులను కోరుతారట. అలాంటిది మన దగ్గర ఒక్క ఆదివారమైనా పెడితే నేను ముందు వరుసలో ఉంటాను.

జవాబు: విజిల్

రిఫరీగా ఉన్నవాడిని. నిబంధనల వైపు నుంచి కొన్ని విషయాలు.

ఆట నిబంధనల్లో మొదటి నిబంధనలోనే టెక్నికల్ ఏరియా, అంటే కోచ్‌లు, బెంచీ ఉండే చోటు, ఉంది. బెంచీకి ఇరువైపులా 1 మీటరు, ముందు వైపు టచ్‌లైన్‌కు (మైదానం పక్క గీతకు) 1 మీటరు దూరం దాకా. అక్కడి నుంచి వ్యూహం చెప్పే అధికారం ఒక సమయంలో ఒక్కరికే. పటమట కోచ్ గారూ, మీ సహాయకుల ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ముగ్గురూ కలిసి అరవడానికి నిబంధన ఒప్పుకోదు. పిల్లల టోర్నమెంట్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలని నా కోరిక.

2019 నుంచి కోచ్‌లకూ, సహాయకులకూ రిఫరీ పసుపు కార్డు, ఎరుపు కార్డు చూపించవచ్చు. బెంచీ నుంచి తప్పు మాట వచ్చి, అన్నది ఎవరో తెలియకపోతే, అక్కడున్న ప్రధాన కోచ్ మీదికే ఆ కార్డు వస్తుంది. అంటే మీ కుర్రాళ్ల నోటికి కూడా మీరే జవాబుదారీ. ఇది వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మాస్టారు అన్నట్టు పిల్లలు తమలో తాము మాట్లాడుకోవడం నాకూ ఇష్టం. కానీ నేర్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఎదుటి జట్టువాణ్ణి బోల్తా కొట్టించడానికి "వదిలెయ్, నాది!" అని వాళ్ల గొంతుతో అరవడం తప్పు. మాటలతో ప్రత్యర్థి దృష్టి మళ్లిస్తే పసుపు కార్డు, దాని కోసం ఆట ఆపితే ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ చేయడానికి వీల్లేని ఫ్రీ కిక్). చాలామంది పిల్లలకు ఇది తెలివి అనిపిస్తుంది, తప్పని తెలియదు. సొంత జట్టువాడిని పేరుతో పిలిచి చెబితే ఏ ఇబ్బందీ లేదు.

మన దగ్గర చాలా మైదానాల్లో టెక్నికల్ ఏరియా గీసి ఉండదు. సున్నం పొడితో మీరే గీయండి, ఐదు నిమిషాల పని. జట్లు రెండూ ఒక గీత వైపు, తల్లిదండ్రులందరూ అవతలి గీత వైపు, గోల్ వెనక ఎవరూ ఉండకూడదు. ఈ మాత్రం అమరిక ఉంటే సగం గోల తగ్గుతుంది. నేను వెళ్లిన చోటల్లా నిర్వాహకులను ఇదే అడుగుతాను. నిర్వాహకులు కాస్త మనసు పెడితే రిఫరీ పని ఎంతో సులువవుతుంది.

జవాబు: బుడతల కోచ్

అందరి మాటా బాగుంది కానీ నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. నేను ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలతో ఉంటాను, విజయవాడలోనే ఒక టర్ఫ్ మీద. నా పిల్లల్ని మాట లేకుండా వదిలేస్తే ఏం జరుగుతుందో చెబుతాను. ఒకడు తన గోల్ వైపే బంతి తీసుకెళ్తాడు. ఒకడు గోల్ నెట్ పట్టుకుని వేలాడతాడు. ఒక పాప మైదానం మధ్యలో నిలబడి ఏడుపు మొహంతో నా వైపు చూస్తుంది. అప్పుడు "పుస్తకంలో రాసుకుని వచ్చే వారం చూద్దాం" అంటే కుదరదు. ఆ పాపకు నా గొంతులో తన పేరు వినిపించాలి. కోచ్ మౌనం పెద్ద పిల్లలకు స్వేచ్ఛలా అనిపిస్తుందేమో, చిన్న పిల్లలకు కోపంలా అనిపిస్తుంది. కొందరికి నాన్న మౌనం అంటేనే భయం. ఆ పిల్లల దగ్గర నోరు కట్టుకుని నిలబడితే వాళ్లు ఏదో తప్పు చేశామనుకుంటారు.

పైగా మొదటి నెలలో ఉన్న పిల్లవాడికి సొంత నిర్ణయం అంటే ఏమిటి? ఎంచుకోవడానికి అతని దగ్గర ఇంకా ఏమీ లేదు. ముందు మనం ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా. వయసు మాత్రమే చూడకుండా ఎంతకాలంగా ఆడుతున్నారో కూడా చూడాలి. పటమట సార్ పిల్లల్లో చాలామంది కొత్తవాళ్లని ఆయనే రాశారు.

జవాబు: గుంటూరు డ్రిల్లు మాస్టారు

బుడతల కోచ్ గారూ, మీరు మేడమో సారో తెలియదు, మీ మాటలో పిల్లల మీద ప్రేమ కనిపిస్తోంది. చాలా వరకు ఒప్పుకుంటాను. ఆరేళ్ల వాడికి ఏ గోల్ మనదో చెప్పాలి, ఆట మళ్లీ మొదలైన ప్రతిసారీ చెప్పాలి. నెట్ పట్టుకుని వేలాడేవాణ్ణి అప్పటికప్పుడు దింపాలి. సరిగా బిగించని గోల్ పోస్టు మీద పడితే ప్రాణాపాయం. ఏడ్చే పాప దగ్గరకు నేనైతే మైదానంలోకే వెళ్తాను, ఆ వయసు ఆటలో దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఎంతకాలంగా ఆడుతున్నారో చూడాలన్న మాట కూడా నిజం. కొత్తవాడికి నేను ఇంకాస్త చెబుతాను.

మౌనం గురించి మాత్రం నా ఉద్దేశం సరిగా చేరలేదేమో. పిల్లవాణ్ణి పేరుతో పిలవడం, చేసింది చూసి మెచ్చుకోవడం నేనెప్పుడూ ఆపను. "శభాష్" కంటే "తలెత్తి చూసి ఇచ్చావు, అదీ!" అనడం నాకు ఇష్టం. ఏది బాగుందో పిల్లవాడికి తెలుస్తుంది. జరిగిపోయినదాని గురించి మాట్లాడితే అతని తరువాతి అడుగును మనం లాక్కోవడం ఉండదు. నేను వద్దంటున్నది జరగబోయేదాన్ని ముందే అరిచి చెప్పడం. ఎనిమిదేళ్ల వాడైనా ఎదుటివాణ్ణి దాటాలా, పక్కకు ఇవ్వాలా అనేది వాడే తేల్చుకోవాలి. తప్పుగా తేల్చుకుంటే బంతి పోతుంది, అంతే కదా! ఆరేళ్లకు, ఏడేళ్లకు బంతి పోగొట్టుకోవడం కంటే మంచి పాఠం నాకు తెలియదు.

వైపుకు నలుగురికి మించి పెట్టకుండా చూడండి. మీ టర్ఫ్ దానికి సరిగ్గా సరిపోతుంది. నలుగురు ఉంటే మధ్యలో ఏడుస్తూ నిలబడటానికి కూడా తీరిక ఉండదు, బంతి వచ్చి తగులుతుంది.

పటమట ఫుట్‌బాల్

అందరికీ ధన్యవాదాలు. నిన్న తల్లిదండ్రులందరినీ ప్రాక్టీసు తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాను. నన్ను అడిగిన తండ్రి కూడా వచ్చారు. చదరంగం మాట చెప్పగానే ఆయన, "మా అన్నయ్య కూతురు ఆడుతుంది సార్, అక్కడ నిజంగానే మమ్మల్ని హాలు గుమ్మం దాటనివ్వరు" అన్నారు. వచ్చే ఆదివారం మ్యాచ్‌కు ఆయనే సున్నం పొడి తెస్తానన్నారు. సహాయకులకు చెరో పని అప్పగించాను. ఒకరు బెంచీలో ఉన్న పిల్లలతో, ఒకరు నీళ్లు, సబ్‌స్టిట్యూషన్లు. ఆట గురించి గొంతెత్తేది నేనొక్కణ్ణే. బుడతల కోచ్ గారు అన్నట్టు, ఈ నెలలోనే చేరిన ముగ్గురికి మాత్రం ఎక్కడ నిలబడాలో ప్రతి గోల్ కిక్‌కూ చెబుతాను.

ఒక్క విషయం మిగిలింది మాస్టారూ. ఆ కుడి అంచు బాబు మళ్లీ నా వైపు చూస్తే ఏం చేయాలి? నేను మాట్లాడకపోయినా అతని కన్ను నా మీదే ఉంటుంది. నా మొహంలో జవాబు వెతుకుతాడు.

జవాబు: గుంటూరు డ్రిల్లు మాస్టారు

మంచి ప్రశ్న. మీరు అతన్ని చూడకండి. బంతి అతనికి రాగానే మీ చూపు అవతలి గీత మీద పెట్టండి. పిల్లలు కోచ్ కళ్లు ఎటు తిరిగితే అటు చూస్తారు. ఆ రెప్పపాటులో అతను కూడా అటు చూస్తే, అక్కడ ఎవరో ఖాళీగా ఉన్న సంగతి కనిపించవచ్చు. ఇంకో ఉపాయం, మొదటి సగంలో అతన్ని ఎడమ వైపు ఆడించండి, మీకు దూరంగా ఉంటాడు. ఎడమ కాలికి కూడా పని దొరుకుతుంది.

ప్రాక్టీసులో వైపుకు ఐదుగురితో ఆడించేటప్పుడు ఒక జట్టును అతనికి అప్పగించండి. ఎవరు ఎక్కడ ఆడాలి, త్రో ఎవరు వేయాలి, ఎవరు బయటికి రావాలి, అన్నీ అతనివే. మీరు గ్రౌండు పక్కన కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకోండి. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది, పిల్లలు వచ్చి ఫిర్యాదు చేస్తారు. "మీ కెప్టెన్‌ను అడగండి" అని పంపించేయండి. ఇది ఒక నెలపాటు వదలకుండా చేయాలి, రెండు రోజులు చేసి మానేస్తే లాభం లేదు.

వీలైతే దసరా సెలవుల్లో మీ పిల్లల్ని గుంటూరు తీసుకురండి. మా వాళ్లతో ఏడుగురేసి రెండు మ్యాచ్‌లు పెడదాం. ఒకటి మామూలుగా, ఒకటి మనిద్దరం ఆట ఆగినప్పుడు తప్ప నోరు విప్పకుండా. రెండింటి తర్వాత పిల్లల్నే అడుగుదాం. విజిల్ గారికి కుదిరితే రిఫరీగా రావాలని నా విన్నపం. మధ్యాహ్న భోజనం మా ఇంటి నుంచి వస్తుంది, ఎంతమంది వస్తారో రెండు రోజుల ముందు చెబితే చాలు.